‘వీడియో ఏమైనా ఉంటే పంపండి’

మెయిల్ మర్యాదగానే ఉంది. ఆటిజం మీద మూడు రోజుల ఆన్‌లైన్ సదస్సు. రెండో రోజు మధ్యాహ్నం తల్లిదండ్రుల సెషన్. అందులో ఇరవై నిమిషాలు నాకు. ‘ఎదిగే ఆడపిల్ల, ఆటిజం: ఒక తల్లి పోరాటం’ అని శీర్షిక కూడా వాళ్లే పెట్టేశారు. అన్నిటికన్నా కింద ఈ మాట: "మీ పాప వీడియోలు ఏమైనా ఉంటే పంపండి, ముఖ్యంగా బాగా కష్టమైన సందర్భాలవి. చూసేవాళ్లకు విషయం సూటిగా అర్థమవుతుంది."

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. వస్తాననో రాననో చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. రెండుసార్లు ‘రాలేను’ అని టైపు చేసి చెరిపేశాను. ఒకసారి ‘తప్పకుండా’ అని రాసి చెరిపేశాను. ఇలాంటి పిలుపు నాకు తెలిసిన మరో ముగ్గురు తల్లులకి కూడా వచ్చింది. ముగ్గురూ ఒప్పుకున్నారు, ఒకరు తర్వాత బాధపడ్డారు. అందుకే నా తర్జనభర్జనంతా దాచకుండా ఇక్కడ పెడుతున్నాను.

మా అమ్మాయికి 15 ఏళ్లు. నోటి మాటలు బాగా తక్కువ. కావలసినవీ అక్కర్లేనివీ ట్యాబ్‌లో బొమ్మల గడులు నొక్కి చెప్తుంది. ఒకటి రెండు సంఘటనలు తప్ప తన గురించి ఇంతకు మించి ఇందులో ఏమీ రాయను. తన పేరు రాయను, నా పేరూ పెట్టలేదు. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ముందు, వెళ్లాలని అంత బలంగా ఎందుకనిపించిందో చెప్తాను. తనకి పదో ఏడు పడగానే నాకు గుబులు పట్టుకుంది. రేపో మాపో నెలసరి మొదలవుతుంది. ఎక్కడ నొప్పో చెప్పలేని పిల్లలకి, ఒంటికి కొత్త బట్ట తగిలితేనే సహించలేని పిల్లలకి దాన్ని ఎలా పరిచయం చెయ్యాలి? రాత్రిళ్లు కూర్చుని దొరికినవల్లా చదివాను. అన్నీ చిన్నపిల్లల గురించే. కళ్లలోకి చూడటం, పేరు పిలిస్తే పలకటం, బడిలో కుదురుగా కూర్చోవటం. ఆటిజం ఉన్న పిల్లలు పెద్దవాళ్లవుతారన్న సంగతే ఎవరికీ గుర్తున్నట్టు లేదు. అప్పటి థెరపిస్టుని అడిగితే, "వచ్చినప్పుడు చూద్దాం లెండి" అన్నారు.

చివరికి నాకు దారి చూపించింది ఒక థెరపీ సెంటరు వరండాలో పరిచయమైన తల్లి. పిల్లలు లోపలుండగా ఆవిడ గబగబా చెప్పింది. "ఇప్పట్నుంచే అలవాటు చెయ్యండక్కా. వచ్చాక మొదలుపెడితే నెలసరీ ప్యాడూ రెండూ ఒకేసారి మీద పడతాయి, దానికీ మీకూ. లోదుస్తుల మీద ప్యాడ్ పెట్టాల్సిన చోట మార్కరుతో చుట్టూ గీత గీసివ్వండి. తడిసిందా అని అడక్కండి, గడియారం చూసి మార్పించండి." రెండు నిమిషాలు కూడా పట్టలేదు. లోపల్నించి ఆవిడ కొడుకు వచ్చేశాడు, వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ కలవలేదు. ఆ రెండు నిమిషాల మాట మా ఇంట్లో ఒక ఏడాది ఏడుపుని తప్పించింది. ఆ అప్పు నేను ఇంకెవరికో తీర్చాలి. ఇరవై నిమిషాలిస్తామని పిలుస్తుంటే రానని చెప్పడం ఎంత కష్టమో ఆ అప్పు మోసేవాళ్లకే తెలుస్తుంది.

పైగా ఇది ఆన్‌లైన్. మామూలు సదస్సులకి నాలాంటివాళ్లం వెళ్లలేం. మూడు రోజులు పిల్లని ఎవరి దగ్గర వదలాలి? నిద్రపట్టని రాత్రి ఎవరు పక్కన కూర్చుంటారు? పిల్లల సంరక్షణ భారం ఎక్కువున్న తల్లిదండ్రులే సదస్సుకి రాలేరు కాబట్టి, ఏళ్ల తరబడి ఆ హాళ్లలో భారం తక్కువున్నవాళ్ల గొంతులే వినపడ్డాయి. 2020లో కరోనా వచ్చి ఆ తలుపు తెరిచింది. అంతర్జాతీయ ఆటిజం పరిశోధకుల సంఘం ఇన్‌సార్ సియాటిల్‌లో జరపాల్సిన వార్షిక సమావేశాన్ని కూడా ఆ ఏడాది తెర మీదే జరిపింది. ఒక చెవిలో ఇయర్‌ఫోను, ఇంకో చెవి పక్క గది మీద పెట్టి నేను మొదటిసారి ఒక పరిశోధకురాలి మాట చివరిదాకా విన్నది అలాంటి రోజుల్లోనే.

ఆటిస్టిక్, అంటే ఆటిజం ఉన్న పెద్దవాళ్లకి కూడా తెర ఒక మేలే, అయితే దాన్ని వాళ్లకి తగ్గట్టు వాడితేనే. 1996 నుంచి ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఆటిస్టిక్ వ్యక్తులే నిర్వహించే ‘ఆట్రీట్’ సమావేశాలు పెట్టేది. అక్కడ మెడలో రంగు బ్యాడ్జీలు వేసుకునేవారు. ఎరుపు ఉంటే నన్ను పలకరించొద్దని, పసుపు ఉంటే తెలిసినవాళ్లు మాత్రమే రమ్మని, ఆకుపచ్చ ఉంటే మాట్లాడాలనుంది గానీ నాకు నేను మొదలుపెట్టలేను, మీరే పలకరించండని అర్థం. ఎంత మర్యాదైన పద్ధతో చూడండి. తెర మీద దానికి సాటి వచ్చేవి, కెమెరా ఆపుకునే వీలు, నోటితో కాకుండా రాసి అడిగే వీలు, ప్రశ్నలు ముందే పంపడం. ‘అందరూ దయచేసి కెమెరాలు ఆన్ చెయ్యండి’ అని మొదలయ్యే ఆటిజం సదస్సు తను ఎవరి గురించి జరుగుతోందో మర్చిపోయినట్టే.

ఇక అసలు చిక్కు.

తల్లిదండ్రులు నోరు విప్పడం వల్లే ఆటిజం గురించి లోకానికి తెలిసింది. ఇది పొగడ్త కాదు, జరిగిన చరిత్ర. 1938లో అమెరికాలో మిసిసిపీకి చెందిన బీమన్ ట్రిప్లెట్ అనే లాయరు తన అయిదేళ్ల కొడుకు డొనాల్డ్ గురించి డాక్టర్ లియో కానర్‌కి 33 పేజీల ఉత్తరం రాశాడు. పిల్లవాడు ఏం తింటాడు, ఏం తిప్పుతాడు, ఏ మాట ఎలా పలుకుతాడు, అంతా. 1943లో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం ఒక ప్రత్యేక స్థితిగా వైద్యుల దృష్టికి వచ్చింది. అందులో మొదటి పిల్లవాడు ‘డొనాల్డ్ టి.’. తండ్రి రాసిన వివరాలే ఆ వ్యాసానికి పునాది.

ఆ తర్వాత ఏం జరిగింది? అదే డాక్టర్లు తల్లిదండ్రుల్నే ముద్దాయిల్ని చేశారు. తల్లి మనసు మంచుగడ్డలా ఉండబట్టే పిల్ల ఇలా అయ్యిందన్నారు. పిల్లల మనస్తత్వం మీద పుస్తకాలు రాసే బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదాన్ని 1960లలో ఇంటింటికీ చేర్చాడు. దాన్ని ఎదుర్కొన్నదీ తల్లిదండ్రులే. లండన్‌లో 1962లో ఆటిజం ఉన్న పిల్లల కోసం తల్లిదండ్రులు పెట్టిన జాతీయ సంఘంలో లోర్నా వింగ్ ఉన్నారు. ఆవిడ సైకియాట్రిస్టు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి. అమెరికాలో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే తండ్రి 1964లో తప్పు తల్లిది కాదు, ఇది మెదడుకి సంబంధించిందని పుస్తకం రాశాడు. మరుసటి ఏడు తల్లిదండ్రుల సంఘం కట్టాడు. 1969లో ఆ సంఘం సమావేశానికి కానర్ స్వయంగా వచ్చి, తల్లిదండ్రులుగా మిమ్మల్ని నిర్దోషులుగా ప్రకటిస్తున్నానని చెప్పాడు. ఒక సదస్సు వేదిక మీద జరిగింది అది. అక్కడ కూర్చున్న తల్లుల్లో ఎంతమంది ఆ మాట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి ఉంటారో తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. నా మీద అలాంటి నింద పడకుండా ఉందంటే వాళ్లు మాట్లాడబట్టే.

కానీ ఆ ‘డొనాల్డ్ టి.’ వైపు నుంచి ఒకసారి చూడండి. ఇంటిపేరు దాచి ఒక్క అక్షరం పెట్టారు. అయినా దశాబ్దాల తర్వాత విలేకరులు వెతుక్కుంటూ ఆయన ఇంటికి వెళ్లారు. ఊరివాళ్లు ఆయన్ని బాగా చూసుకున్నారనీ, బ్యాంకులో ఉద్యోగం చేశాడనీ, దేశాలు తిరిగాడనీ, గోల్ఫు ఆడాడనీ రాశారు. 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన కథ మంచిగానే నడిచింది. కానీ నాలుగైదేళ్లప్పుడు తను ఎలా ప్రవర్తించాడన్నది తన ప్రమేయం లేకుండా ప్రపంచమంతా చదివింది. ఒక తండ్రి ఒక డాక్టరుకి, గది తలుపులు మూసి చెప్పుకున్నట్టు రాసిన ఉత్తరం అది. ఆ రోజుల్లోనే అది ఇంత దూరం ప్రయాణించింది. ఇప్పుడు నేను పంపబోయేది ఉత్తరం కాదు. లింకు ఉన్న ఎవరైనా, ఎన్నిసార్లయినా చూడగల వీడియో.

నా దగ్గర అలాంటి వీడియో ఒకటుంది. కొన్నేళ్ల కిందటిది. డాక్టరు తీసి చూపించమంటే తీశాను, నలభై సెకన్లు. మెయిల్ వచ్చిన మూడో రోజు రాత్రి, మా ఆయన, "తననే అడగరాదూ" అన్నారు. ఎలా అడగటం అన్నాను. "చూపించు. ఏం చేస్తుందో చూద్దాం" అన్నారు.

మంచం మీద నా పక్కన కూర్చుంది. ఫోను తన ముందు పెట్టి వీడియో నడిపాను. నాలుగైదు సెకన్లు చూసింది. తర్వాత అరచేత్తో తెరని కప్పేసింది. నేను చెయ్యి మెల్లగా పక్కకి తీసి, ‘ఇంకా’, ‘వద్దు’ గడులున్న ట్యాబ్ దగ్గరికి జరిపాను. ట్యాబ్ జోలికే పోలేదు. ఫోను తీసుకుని బోర్లా పెట్టింది. దాని మీద దిండు పెట్టింది. దిండు మీద మోచెయ్యి ఆనించి, నా వంకే చూస్తూ కూర్చుంది. లోపల్నించి తన చిన్నప్పటి గొంతు దిండు కింద సన్నగా వినపడుతోంది. వీడియో అయిపోయేదాకా మోచెయ్యి తియ్యలేదు.

దీన్ని ఏమనాలి? కొందరు, "ఆ శబ్దం నచ్చలేదేమో, అంతే" అంటారు. కావచ్చు. కానీ ఎవరైనా మాటలొచ్చిన పిల్ల ఇదే పని చేస్తే ‘ఇది ఎవరికీ చూపించొద్దు’ అని అర్థం చేసుకుంటాం. మాటల్లేని పిల్ల చేస్తే మాత్రం దానికి వేరే అర్థాలు వెతుకుతాం. ఆ తేడా నాకు న్యాయంగా అనిపించలేదు.

ఇంకో సంగతి ఆ వీడియో గురించే. అది నేను రికార్డు బటన్ నొక్కిన దగ్గర మొదలవుతుంది. అంతకు ముందు రెండు గంటల పాటు పక్కింటి గోడకి డ్రిల్లింగ్ మిషను పెట్టారు. ఆ మోత వీడియోలో చాలా తక్కువగా వినిపిస్తుంది. కొన్ని ఫోన్లు చుట్టుపక్కల రొదని వాటంతటవే తగ్గించేస్తాయి. చూసేవాళ్లకి కనపడేది ఏమిటి? కారణం లేకుండా అరుస్తూ తల కొట్టుకునే పిల్ల. అర్థమయ్యేదేమిటి? ‘పాపం ఆ తల్లి’. సదస్సువాళ్లు రాసిన ‘సూటిగా అర్థమవుతుంది’ అన్నది సరిగ్గా ఇక్కడే అబద్ధం. పిల్ల బాధకి కారణాన్ని తీసేసి బాధని మాత్రమే చూపిస్తే, ఆటిజమంటే కారణం లేని కల్లోలమన్న పాత నమ్మకమే బలపడుతుంది.

డామియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో ఒక మాట ప్రతిపాదించాడు. ఆటిస్టిక్ వాళ్లకి ఎదుటివాళ్లు అర్థం కారని చెప్తాం గానీ, ఎదుటివాళ్లకి కూడా ఆటిస్టిక్ వాళ్లు అర్థం కారు, లోటు రెండు వైపులా ఉందని. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం దాన్ని పరీక్షించింది. ఎనిమిదేసి మందిని వరసలో పెట్టి ఒక కథని చెవిలో చెప్పుకుంటూ పొమ్మన్నట్టు ఒకరి నుంచి ఒకరికి చేరవేయించారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలో కథ ఎంత నిలిచిందో, అందరూ కానివాళ్లయిన వరసలోనూ అంతే నిలిచింది. ఇద్దర్నీ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. నేనూ మా అమ్మాయీ ఉన్నది ఆ కలిపిన వరసలో. పదిహేనేళ్లుగా తన పక్కనే ఉన్నాను, నిజమే. అయినా తన తరఫున సాక్ష్యం చెప్పేటప్పుడు నా వైపు నుంచి ఎంత జారిపోతోందో నాకు తెలిసే వీల్లేదు.

1993లో టొరంటోలో జరిగిన అంతర్జాతీయ ఆటిజం సదస్సులో జిమ్ సింక్లెయిర్ మాట్లాడిన ప్రసంగం మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. పన్నెండేళ్ల దాకా మాటలు రాని ఆటిస్టిక్ మనిషి, నిండా తల్లిదండ్రులున్న ఆ సదస్సులో నిలబడి చెప్పిన దాని సారం ఇది: మీరు ఏడుస్తున్నది మీరు కలగన్న పిల్లల కోసం. ఆ దుఃఖం నిజమే, కానీ దానికి కారణం మేం కాదు. దాన్ని మా ముందు పెట్టి ఏడవకండి. నా దుఃఖం గురించి నీకేం తెలుసు అనుకున్నాను అప్పట్లో. రెండోసారి చదివింది దిండు సంఘటన తర్వాత. ‘ఒక తల్లి పోరాటం’ అన్న శీర్షిక అప్పుడు గుచ్చుకుంది. పోరాటం ఎవరితో? వినేవాళ్లకి తోచే జవాబు ఒకటే, పిల్లతో.

అలాగని తల్లిదండ్రులు నోరు మూసుకోవాలని నేను అనను. ఇక్కడ కొంచెం నిలవాలి, ఎందుకంటే ఎదుటివైపు వాదం బలమైనది. ఆటిజం ఉన్నవాళ్లలో పాతిక ముప్ఫై శాతం మందికి మాటలు ఉండవు, లేదా బాగా కొద్దిగా ఉంటాయన్నది పరిశోధకులు సాధారణంగా చెప్పే అంచనా. వేదిక మీదికి వచ్చి మాట్లాడగల ఆటిస్టిక్ వ్యక్తులు ఆ పాతిక ముప్ఫైలోంచి చాలా అరుదుగా వస్తారు. తల్లిదండ్రులు కూడా తప్పుకుంటే ఆ పిల్లల సంగతి ఎవరు ఎత్తుతారు? రోజంతా తోడు కావలసినవాళ్లు, మూర్ఛలు వచ్చేవాళ్లు, తమని తాము గాయపరచుకునేవాళ్లు లేనట్టే సదస్సులు నడుస్తాయి. అలా జరగడం నేను చూశాను. గౌరవం పేరుతో వాళ్లని కనపడకుండా చెయ్యడం ఇంకో రకం అన్యాయం.

అందుకని నాకు నేను ఒక గీత గీసుకున్నాను. నిద్రలేని రాత్రులు నావి, వాటి గురించి ఎంతైనా చెప్తాను. మానేసిన ఉద్యోగం నాది. సాయంగా వచ్చే మనిషి దొరక్క పడ్డ అవస్థ నాది. ‘వచ్చినప్పుడు చూద్దాం’ అన్న మాట విన్నది నేను. తన ఒళ్లు మాత్రం నాది కాదు. తన స్నానం, తన బట్టలు, తన అరుపు నావి కావు. రెండూ కలిసిపోయే చోట, కలిసిపోయే చోట్లే ఎక్కువ, ఒక పరీక్ష పెట్టుకున్నాను: తను నా పక్కన కూర్చుని ప్రతి మాటా అర్థమవుతూ వింటుంటే ఇది చెప్తానా? తనకి ఎంత అర్థమవుతుందో నాకు కచ్చితంగా తెలియదు. తెలియనప్పుడు అంతా అర్థమవుతుందనుకుని నడుచుకోవడమే సరి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 22వ అధికరణం చెప్పేది కూడా ఇదే దారి: వైకల్యం ఉన్న మనిషి ఆరోగ్య వివరాలకీ, ఇంటి జీవితానికీ మిగతా అందరితో సమానంగా గోప్యత ఉండాలి. ఆ పదిహేనేళ్ల పిల్లకి ఆటిజం లేకపోతే, తన నెలసరి గురించి వాళ్లమ్మ రికార్డింగులో చెప్తే మనం ఊరుకుంటామా?

ఆరో రోజు నిర్వాహకురాలికి ఫోన్ చేశాను. మంచి మనిషి, ఓపిగ్గా విన్నారు.

"మొహం బ్లర్ చేద్దాం మేడమ్" అన్నారు.

"తెర మీద నా పేరుంటుంది, నా మొహం ఉంటుంది. నా కూతురంటే తనే కదండీ. ఎవరికి తెలియకుండా బ్లర్ చేస్తాం?"

కాసేపాగి, "పోనీ వీడియో వద్దు. పాపే ఒక మెసేజ్ ఇస్తే? చెయ్యి పట్టుకుని టైపు చేయించేవాళ్లు మాకు తెలుసు. చాలా మంది పిల్లలు అద్భుతంగా రాస్తున్నారు" అన్నారు.

దీనికి మాత్రం నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి పట్టుకుని టైపు చేయించే పద్ధతిని 1990లలోనే పరీక్షించారు. పిల్లకి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్న మనిషికి ఇంకో బొమ్మ చూపించి ఏం కనపడిందో టైపు చెయ్యమంటే, వచ్చిన జవాబులు చెయ్యి పట్టుకున్నవాళ్లు చూసిన బొమ్మవే. పట్టుకున్నవాళ్లు మోసం చేద్దామని చెయ్యలేదు, తమకి తెలియకుండానే వేళ్లు నడిపారు. స్పీచ్ థెరపిస్టుల అమెరికన్ సంఘం ఆషా 2018లో ఆ పద్ధతి వాడొద్దని స్పష్టంగా ప్రకటించింది. మా అమ్మాయి ట్యాబ్‌లో పదాలు కొద్దిగానే ఉండొచ్చు. కానీ ప్రతి గడీ తన వేలితో తనే నొక్కుతుంది. ఆ కొద్ది పదాల మీద ఇంకెవరి వాక్యాలో పరిచి తన పేరు పెట్టడమంటే, తనకున్న ఒక్క గొంతూ తీసేసుకోవడమే. ఆవిడకి ఇదంతా చెప్పాను. ఆవిడకి నిజంగా తెలియదు. మిగతా సెషన్లలో కూడా అలాంటివి ఉన్నాయేమో చూస్తానన్నారు.

స్పాన్సర్ల జాబితా కూడా అడిగి తెప్పించుకున్నాను. ఇది మొహమాటపడే విషయం కాదు. క్లోరిన్ డయాక్సైడ్, అంటే బట్టల్ని తెల్లబరిచే రసాయనం జాతిది, ఆటిజం తగ్గుతుందని పిల్లల చేత తాగించమని చెప్పినవాళ్లకి కూడా ఒకప్పుడు సదస్సు వేదికలు దొరికాయి. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దాని గురించి 2010లో, మళ్లీ 2019లో హెచ్చరించాల్సి వచ్చింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న అనుమానం 12 మంది పిల్లల మీద రాసిన ఒక్క వ్యాసంతో 1998లో మొదలైంది. ఆ వ్యాసాన్ని పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని గమనించి 2019లో ఆ సంబంధం లేదని తేల్చారు. అయినా అలసిపోయిన తల్లిదండ్రులు గుమిగూడే చోటికి అలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. ఈ జాబితాలో అలాంటివాళ్లెవరూ లేరు. ఉండి ఉంటే ఇక్కడితో ఆగిపోయేదాన్ని.

చివరికి రాసి పంపింది ఇది. వస్తాను. మా అమ్మాయి ఫోటోగానీ వీడియోగానీ ఉండదు. శీర్షిక మారాలి: ‘మాటలు తక్కువున్న అమ్మాయిలకి నెలసరి నేర్పడం ఎలా’. ప్రశ్నలు, జవాబుల భాగం రికార్డు చెయ్యకూడదు, ఎందుకంటే అడిగే తల్లులు ఆవేశంలో పిల్లల పేర్లు చెప్పేస్తారు, నేను చూశాను. నాతో పాటు ఒక ఆటిస్టిక్ మహిళ ఆ సెషన్‌లో ఉండాలి, ప్రేక్షకురాలిగా కాదు, వక్తగా. మొదటి మూడూ ఒప్పుకున్నారు. నాలుగోదానికి సమయం లేదన్నారు. అయితే నా ఇరవైలో పది నిమిషాలు ఆవిడకివ్వండి అన్నాను. సరేనన్నారు.

అలా ఒప్పుకున్న ఆటిస్టిక్ మహిళ కెమెరా ముందుకి రారు. ముందే రాసి ఇస్తారు, నిర్వాహకులు చదువుతారు, ప్రశ్నలకి చాట్‌లో జవాబిస్తారు. నా చిత్తుప్రతి ఆవిడకి పంపాను. అందులో నేను, ‘నెలసరి మొదలవడానికి ఏడాది ముందు నుంచి రోజుకి కాసేపు ప్యాడ్ పెట్టి స్పర్శ అలవాటు చెయ్యండి’ అని రాశాను, వరండాలో విన్నదే. ఆ వాక్యం పక్కన ఆవిడ రాసిన వ్యాఖ్య: "చాలామందికి ఇది అలవాటు కాదు, ఓర్చుకోవడం నేర్చుకుంటారంతే. నేను ఇరవై ఏళ్లు ఓర్చుకున్నాను. ముందు వేరు వేరు రకాలు చేతికిచ్చి, ఏది దూరంగా తోసేస్తుందో చూడండి. మెత్తటి గుడ్డతో చేసినవి, పీల్చుకునే లోదుస్తులు కూడా చూపించండి." ఇంతకాలం నేను గొప్పగా మోసుకొచ్చిన సలహాలో సగం తప్పు. మాటలొచ్చిన ఆవిడే ఇరవై ఏళ్లు చెప్పలేకపోయారంటే, మాటలు లేనివాళ్లు ఏం ఓర్చుకుంటున్నారో.

2018లో రాబిన్ స్టీవార్డ్ అనే ఆటిస్టిక్ రచయిత్రి పరిశోధకులతో కలిసి ఆటిస్టిక్ వ్యక్తుల్నే నెలసరి గురించి అడిగి ఒక అధ్యయనం చేశారు. ఆ రోజుల్లో వెలుతురు, శబ్దం, స్పర్శ మరింత భరించలేనివిగా మారతాయనీ, రోజువారీ పనులు అదుపు తప్పుతాయనీ వాళ్లు చెప్పారు. బయటి నుంచి చూసే మనకి ‘ఈ వారం మొండికేస్తోంది’ అని మాత్రమే కనపడుతుంది. అందుకే నా పది నిమిషాల్లో మొదటి స్లైడు క్యాలెండరు. నెలంతా ప్రవర్తనలో వచ్చిన మార్పులు తేదీల వారీగా గుర్తు పెట్టుకోండి, మూడు నెలలయ్యాక చూడండి, నొప్పి ఏ రోజుల్లో ఉందో ఆ గళ్లే చెప్తాయి. నొప్పి అని తేలితే అది థెరపీతో సరిదిద్దాల్సిన ప్రవర్తన కాదు, డాక్టరు చూడాల్సిన నొప్పి. రెండో స్లైడు బొమ్మల పట్టీ: తియ్యి, చుట్టు, డబ్బాలో వెయ్యి, కొత్తది పెట్టు, చేతులు కడుగు. బొమ్మలన్నీ గీసినవే, ఫోటో ఒక్కటీ లేదు. మూడో స్లైడు ‘తలుపు వేసుకోవడం’. ఇది ఎవరి దగ్గర చెప్పొచ్చు, ఎవరి ముందు చెయ్యకూడదు అన్నది పిల్లకి నేర్పాలంటే, ముందు ఇంట్లో పెద్దవాళ్లు తలుపు తట్టి లోపలికి రావడం నేర్చుకోవాలి. పిల్లల ఆంతరంగిక విషయాల్ని కాపాడటం నేర్పే స్లైడుని, పిల్ల వీడియో పక్కన పెట్టి ఎలా చూపించేదాన్నో ఇప్పుడు ఊహించలేకపోతున్నాను.

సదస్సు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ ఇరవై నిమిషాలూ మా ఆయన తన దగ్గర ఉంటారు. గది తలుపు వేసుకోను. నేను చెప్పేది తనకి వినపడుతుంది.

ఆ వీడియో ఇంకా నా ఫోన్లోనే ఉంది. చెరిపేద్దామనుకుని ఆగాను. డాక్టరుకి మళ్లీ కావలసి రావచ్చు, అది ఒకటి. రెండోది, చెరపాలో వద్దో కూడా నేనే తేల్చేస్తే దిండు కింద పెట్టిన తన మాటకి విలువేముంది? కానీ తన ట్యాబ్‌లో ‘తీసెయ్’ అనే గడే లేదు. ‘వద్దు’ ఉంది, ‘ఆపు’ ఉంది, ఇది లేదు. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ తట్టలేదు. మొన్న రాత్రి ఆ గడి చేర్చాను. అర్థమేమిటో తెలియడానికి నా ఫోన్లో అక్కర్లేని ఫోటోలు ఒక్కొక్కటే తీసేసి చూపించాను. తను గడి నొక్కడం, నేను తీసెయ్యడం. నిన్న పొద్దున తనంతట తనే ఫోను పట్టుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. మూడు ఫోటోలు తీసేయించింది. రెండు గోడవి, ఒకటి నాది. వీడియో దాకా ఇంకా రాలేదు.